బామ్మ కార్డు

"ఇది ఆట కాదక్కా, మోసం," అన్నాడు అద్వైత్, తన అభిప్రాయం రాసిన కాగితాన్ని భువన ముందుకు తోస్తూ. "ఆరు ఆదివారాలు పనులిడిచిపెట్టి మోతీనగర్ నుంచి ఫిలింనగర్ దాకా వచ్చిన. గెలిచే తోవనే లేకపోతే ఎట్ల?"

భువన కాగితం చదువుకుంది. ఆ దెయ్యాల బంగళా కార్డుల ఆటను రెండేళ్లు కూర్చుని తయారుచేసింది ఆమే. తను పక్కనుంటే మొహమాటపడతారని ఆరు వారాలూ ఆ గదిలోకి అడుగుపెట్టలేదు. ఆడిన ముగ్గురూ బాగుందంటే రేపు అచ్చుకివ్వాలి.

అద్వైత్‌తో కలిసి ఆడిన వర్ణిక కాస్త మెత్తగా చెప్పింది. జూబ్లీహిల్స్ స్టూడియోలో దెయ్యం సినిమాలకు చప్పుళ్లు పేర్చే తనే, రెండో వారం పట్టపగలు బాత్రూమ్‌కి ఫోను లైటు వేసుకుని వెళ్లిందట. కానీ ఆఖరి గదిలో దీపం వెలిగించాలి, ఆ దీపం తెచ్చే బామ్మ పాత్రే ఆటలో మిగల్లేదు, అందుకే ఓడిపోయాం అంది.

"మిగలకపోవడమేంటి? బామ్మ కార్డు చింపినప్పుడు లోపల ఏం కనిపించింది?"

"ఏమీ లేదు. ఉత్త తెల్ల అట్ట."

భువన మొహం పాలిపోయింది. ఆ ఆటలో ఎవరైనా చనిపోతే వాళ్ల కార్డును నిజంగానే చింపెయ్యాలి. చింపిన కార్డు మళ్లీ రాదు. ఒక పెట్టెతో ఒకసారే ఆడగలరు. చింపితే రెండు పొరల మధ్య ఆ పాత్ర ఆఖరి మాట బయటపడుతుంది. డ్రైవరు కార్డులో 'వెళ్తున్నాను, మెట్ల కింద తాళం ఉంది' అని వచ్చింది. ఫోటోగ్రాఫరు మాట కూడా 'వెళ్తున్నాను' అనే మొదలైంది.

"అతికించేటప్పుడు లోపలి కాగితం పెట్టడం మరిచిపోయుంటాను," అంది భువన. "నా ఆటను నేనే పాడుచేసుకున్నాను. రేపు ప్రెస్సుకి ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాను."

గోడవారగా కూర్చున్న పరబ్రహ్మం కళ్లజోడు డబ్బాను గట్టిగా పట్టుకున్నాడు. మూడో ఆటగాడు, భువన తండ్రి ఆయనే. బామ్మ పాత్ర ఆయన వంతుకొచ్చింది. ఆ బామ్మకు భువన, కాలం చేసిన వాళ్లమ్మ త్రిపురసుందరి మొహమే గీసింది. అదే ముడి, అదే పెద్ద బొట్టు, చేతిలో దీపపు కుంది. మొదటి వారం డ్రైవరు కార్డు రెండు ముక్కలవడం చూసి, మర్నాడే ఆయన టోలిచౌకి వెళ్లి బామ్మ కార్డుకు కలర్ జిరాక్సు తీయించి అట్టకు అతికించాడు. మూడో వారం బామ్మ పోయినప్పుడు చింపింది ఆ జిరాక్సునే. ఒక్క మాట తెలియకపోతే ఏం కొంప మునుగుతుందిలే అనుకున్నాడు.

"మీ కాగితం ఖాళీగా ఉందేం నాన్నా?"

ముప్పై ఏళ్లు రాక్షసులకూ దెయ్యాలకూ డబ్బింగ్ చెప్పిన ఆ మనిషి డబ్బా తెరిచి, కళ్లజోడు అడుగు నుంచి అసలు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"లోపం నీ ఆటది కాదమ్మా. మీ అమ్మ మొహాన్ని చింపడానికి చేతులు రాలేదు."

అద్వైత్ తన కాగితం వెనక్కి తీసుకుని, 'మోసం' అన్న మాటను కొట్టేశాడు. "జర ముందే చెప్తే అయిపోవు గద బాబాయ్," అన్నాడు మెల్లగా.

భువనకు కోపం వస్తుందనుకున్నాడు పరబ్రహ్మం. ఆమె కుర్చీ జరుపుకుని ఆయన పక్కకొచ్చి కూర్చుంది.

"చింపండి నాన్నా."

"ఇందులోనూ వెళ్తున్నాననే ఉంటుందిగా. ఆ మాట అనకూడదని మొదటి వారమే నీకు చెప్పాను."

"చెప్పారు. చచ్చినవాళ్లు ఇంకేమంటారని నేనూ అన్నాను. చింపండి."

ఆయన కళ్లు మూసుకుని చింపాడు. పొర విడిన చప్పుడుకు కళ్లు తెరిచాడు. లోపల భువన సన్నటి రాత:

'వెళ్ళొస్తానండీ. ఆఖరి గదిలో దీపం నేనే వచ్చి వెలిగిస్తాను.'