పదిహేడు పేర్లు

"కాఫీ వద్దు," అన్నాడు టెర్‌ప్‌స్ట్రా, భద్రతాధికారి కార్డు చూపించి, కోటు కూడా విప్పకుండా. "మీ పేరుతో ఎవరో కోర్టు ఫైలు తెరవబోయారు. పాస్‌వర్డ్ ఎవరికి చెప్పారు?"

మిర్తె చంకలో పాప ఉలిక్కిపడింది.

హేగ్‌లో అంతర్జాతీయ కోర్టు లాయర్ల ఇళ్ళకు భద్రతాధికారులు రావడం మామూలే. ఇంత మోటుగా మాట్లాడేవాణ్ణి మాత్రం ఆమె ఇదే చూడటం.

"ఎవరికీ చెప్పలేదండీ."

"అందరూ అనేది అదే."

ఒక దేశపు సైన్యం పొరుగుదేశంలోని ఆసుపత్రి కంప్యూటర్లను కూర్చున్న చోటు నుంచే ఆపేసిన కేసు అది. వెంటిలేటర్లు ఆగి ముప్పై మంది పోయారు. సాక్షులు పదిహేడు మంది. వాళ్ళ పేర్లన్నీ మిర్తె కంప్యూటర్‌లో ఉన్నాయి. అందులో ఒక నర్సుకు సరిగ్గా ఈ పాప వయసు బిడ్డ ఉంది. పేరు బయటపడితే తల్లీబిడ్డలు మిగలరు.

"పాస్‌వర్డ్ నాతో అనకండి. అన్నారంటే ఇక్కడే మీ ఉద్యోగం ఊడుతుంది," అన్నాడతను. "పాప పుట్టినరోజే పెట్టుంటారు. తల్లులంతా ఇంతే."

మిర్తెకు ఒళ్ళు మండింది. "నేనంత తెలివితక్కువదాన్నా? పాపదీ కాదు, నాదీ కాదు, మా ఆయనదీ కాదు. ఆ మనిషి పుట్టినరోజు పెట్టానంటే కట్టుకున్నవాడు కూడా నమ్మడు."

"గిట్టని మనిషా? అయితే అత్తగారే."

మిర్తె చూపు తిప్పుకుని పాప చొక్కా సర్దింది. అతను మొదటిసారి నవ్వాడు.

"టాయిలెట్ ఎటు?"

వెళ్ళొచ్చి, కంప్యూటర్ పరీక్షకు తీసుకెళ్ళాలన్నాడు. రసీదు రాసి బల్ల మీద పడేశాడు.

"అందులో ఆ పేర్లు..." అంది మిర్తె.

"తాళం మీ బుర్రలో ఉందిగా. ఇంక ఏడుపెందుకు?"

నిజమే. అది లేకుండా ఎవడూ తెరవలేడు. తలుపు మూసుకోగానే మిర్తె ఊపిరి పీల్చుకుంది. అంతసేపూ ఆపుకుని ఉందేమో, పాపను దించకుండానే టాయిలెట్‌లోకి పరుగెత్తింది.

నెదర్లాండ్స్‌లో అన్ని ఇళ్ళ టాయిలెట్లలోలాగే, చుట్టాలందరి పుట్టినరోజులూ రాసిపెట్టిన క్యాలెండర్ ఎదుటి గోడకు వేలాడుతోంది.

పొద్దున నవంబరు చూపించిన ఆ క్యాలెండర్ ఇప్పుడు మార్చిలో, అత్తగారి పేరున్న పేజీ దగ్గర తెరిచి ఉంది.