ఏ కంపెనీ అండీ?

మధ్యాహ్నం సరిగ్గా మూడింటికి ఫోన్ మోగింది. రెండో రింగు పూర్తి కాకుండానే ఆమె ఎత్తింది.

"కార్ హెల్ప్‌లైన్ అండీ. చెప్పండి, బండి ఎక్కడ ఆగింది?"

అవతల పెద్దాయన గొంతు. వంతెన దాటాక పెట్రోలు బంకు ఎదురుగా ఆగిందన్నాడు. ఆమె ఫోన్ నంబరు రాసుకుని, బండి ఏ కంపెనీది అని అడిగింది.

"అది మాత్రం చెప్పనమ్మా. ఆగిపోయిన బండి పేరు పైకి చెబితే కంపెనీవాళ్ల పరువు పోదూ?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆ గదిలో తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

అడక్కుండానే ఆయన తన గురించి చెప్పుకొచ్చాడు. నలభై ఏళ్లు బోర్డులు రాసిన పెయింటరట. షోరూములకీ షెడ్లకీ కార్ల కంపెనీల పేర్లు రాసీ రాసీ, ఒక్కో పేరుకి అర్థమేమిటో కనుక్కునే పిచ్చి పట్టుకుందట. వోల్వో అంటే లాటిన్‌లో 'నేను దొర్లుతాను' అని. ఆదివారాలు తను మంచం దిగకపోతే భార్య ఆ పేరుతోనే పిలిచేదట. ఆడి కథ ఇంకా తమాషా. దాన్ని పెట్టినాయన అంతకుముందే తన పేరుతో ఒక కంపెనీ పెట్టి, అందులోంచి బయటికి రావాల్సి వచ్చింది. సొంత పేరు మళ్లీ వాడుకోకూడదని కోర్టు చెప్పింది. ఆ పేరుకి వాళ్ల భాషలో 'విను' అని అర్థం. దాన్నే లాటిన్‌లోకి మార్చి పెట్టుకున్నాడు.

"అది వాళ్లు చెప్పే కథ. అసలు సంగతి, ఆడి అంటే ఆడవాళ్లు చెప్పింది విను అని."

మెకానిక్‌ నంబరు ఇవ్వమంటారా అని ఆమె అడిగితే, అక్కర్లేదు, ఇప్పుడే కదిలిందని పెట్టేశాడు.

మర్నాడు మూడింటికి బండి మళ్లీ ఆగింది. ఆ మర్నాడూ ఆగింది.

ఆమె పొద్దున తొమ్మిదికల్లా ఇస్త్రీ బట్టలు కట్టుకుని ఫోన్ ముందు కూర్చునేది. ఒక బల్ల, ఒక కుర్చీ, వివరాలు రాసుకునే పుస్తకం. నిజంగా దారిలో ఇరుక్కున్నవాళ్లు వారానికి ఇద్దరో ముగ్గురో ఫోన్ చేసేవారు. వాళ్లకి ఆ దగ్గర్లో ఉన్న మెకానిక్‌ నంబరు వెతికి ఇచ్చేది. సాయంత్రం మళ్లీ తనే ఫోన్ చేసి, ఇల్లు చేరారా అని కనుక్కునేది. మిగతా వేళంతా గదిలో ఫ్యాను చప్పుడే.

పదో రోజుకి ఆమెకు సంగతి అర్థమైంది. రోడ్డు మీద ఆగిన బండిలోంచి మాట్లాడితే హారన్లు వినిపించాలి. ఆయన వెనక గోడ గడియారం వినిపించేది. ఒకసారైతే, "ఉండమ్మా, పాలు పొంగుతున్నాయి" అంటూ పరిగెత్తాడు. తిరిగొచ్చి, బండి రైలు గేటు దగ్గర ఆగిందన్నాడు.

ఆమె రైలు గేటు అని పుస్తకంలో రాసుకుంది.

తనూ ఒకటీ అరా పేర్ల అర్థాలు తెలుసుకుని పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు, జపాన్ కార్ల పేరు సుబారు అంటే కృత్తికలు అని ఆయనకంటే ముందే చెప్పేసింది. ఆ పేరంటే మా ఆవిడకి ఇష్టమమ్మా, ఆ చుక్కలన్నీ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి కదా అన్నాడు ఆయన.

ఆ తర్వాత మూడు రోజులు ఫోన్ రాలేదు.

మూడయ్యేది. ఆమె రిసీవర్ ఎత్తి, లైను ఉందో లేదో చూసి పెట్టేసేది. మూడో రోజు పుస్తకం తిరగేసి ఆయన నంబరు తీసింది. సగం నొక్కి ఆగిపోయింది. బండి ఎందుకు ఆగలేదని ఫోన్ చేసి అడుగుతారా ఎవరైనా?

నాలుగో రోజు మోగింది.

"ఇవాళ తప్పు ఒప్పుకుందామని చేశానమ్మా. నాకు కారు లేదు."

భార్య చనిపోయిన ఏడాదే కారు అమ్మేశాడట. కారు కొన్నప్పుడు డైరీలో రాసుకున్న ఈ నంబరు మాత్రం మిగిలిపోయింది. ఇద్దరూ కారెక్కితే ఎదురొచ్చే బండ్ల పేర్లకి అర్థాలు చెప్పుకుంటూ, లేనివి కల్పించుకుంటూ పోయేవారట. ఇప్పుడు ఇంట్లో మనుషులున్నారు. తమ్ముడి కొడుకు, కోడలు. ఎవరి గది వాళ్లది.

"ఉన్నారు గానీ నావాళ్లు కారు. నాకు మిగిలిన కారు అదొక్కటే."

ఈసారి ఆమె నవ్వలేదు.

ఇలాంటి ఫోన్లన్నీ కంపెనీవాళ్లు రికార్డు చేసి వింటారని ఎవరో చెప్పారట. మూడు రోజులుగా ఆయనకి అదే బెంగ.

"నా మూలంగా మీ ఉద్యోగానికి ముప్పు రాకూడదమ్మా. ఇక చెయ్యను."

ఆమె గొంతు సర్దుకుంది.

"మా కంపెనీ ఏమీ అనదు, అన్నయ్యగారూ. మీరు చెయ్యండి."

"ఎవరైనా అడిగితే?"

"ఎవరూ అడగరు. ఆ పూచీ నాది."

గడియారం చప్పుడు కొంతసేపు వినిపించింది. తర్వాత ఆయన మెల్లగా, ఫోర్డ్ అంటే ఏమిటో తెలుసా అన్నాడు. తెలియదంది, తెలిసినా.

"వాగు దాటే చోటు. ఇన్నేళ్లొచ్చినా నేను మాత్రం వాగుడు దాటలేకపోయాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. రేపు బండి ఎక్కడ ఆగుతుందని ఆమే అడిగింది. మీరెక్కడంటే అక్కడే అన్నాడు ఆయన.

ఫోన్ పెట్టేశాక కూడా ఆమె చెయ్యి చాలాసేపు రిసీవర్ మీదే ఉండిపోయింది.

ఆయన తన నిజం చెప్పేశాడు గానీ, ఆ హెల్ప్‌లైన్ కంపెనీ మూతపడి రెండేళ్లయిందనీ, వాళ్ల పాత నంబరు తన ఇంటి ఫోనుకి వచ్చిందనీ, తనకసలు ఏ ఉద్యోగమూ లేదనీ చెప్పడానికి ఆమెకు మాత్రం ధైర్యం చాలలేదు.