తండ్రి పోలిక

ఆదివారం ప్రసంగం మధ్యలో డయానా, తన పక్కన కూర్చున్న పిల్ల చెయ్యి కొరికింది.

అలా ఇలా కాదు, రక్తం వచ్చేదాకా.

శౌరమ్మ మనవరాల్ని రెక్క పుచ్చుకుని చర్చి బయటికి ఈడ్చుకొచ్చింది. ఆరేళ్ళ పిల్లే గానీ, ఆ గింజుకోవడానికి ఆవిడ పట్టు జారిపోతోంది. అచ్చం అల్లుడు సురేషే! అన్నం కంచం విసిరికొట్టేవాడు, పెళ్ళాన్ని గొడ్డును బాదినట్టు బాదేవాడు. కూతురు శాలినిని, ఈ పిల్లని భవానీపురంలోని తనింటికి తెచ్చేసుకుని మూడేళ్ళయింది. అయినా వాడి రక్తం ఇంట్లోనే తిరుగుతోందని ఆవిడ భయం.

మొన్న పటమట డాక్టరమ్మ కూడా చెప్పింది కదా, "కొంత పుట్టుకతో వస్తుందండీ, కొంత పెంపకాన్ని బట్టి ఉంటుంది" అని. శౌరమ్మ చెవికి మొదటి ముక్కే ఎక్కింది.

కొట్టడానికి చెయ్యెత్తింది.

"కొట్టకండమ్మా."

చెప్పులు విడిచేచోట కూర్చున్న ముసలాయన. నెల రోజులుగా ప్రతి ఆదివారం వస్తున్నాడు, లోపలికి మాత్రం రాడు.

"పాపా, చెప్పులన్నీ కలిసిపోయాయి. జతలు కలిపి పెడతావా?"

డయానా బుసకొడుతూ ఒక చెప్పు విసిరింది. ఆయన లేచి తెచ్చాడు. మళ్ళీ విసిరింది. మళ్ళీ తెచ్చాడు. మూడోసారి విసరలేదు, దాని జత వెతికింది.

చర్చిలో పూజ అయ్యేసరికి మెట్ల పక్కన చెప్పులన్నీ వరసగా ఉన్నాయి.

"ఏం మందు పెట్టారండీ దీనికి?" అంది శౌరమ్మ.

"మందేముందమ్మా! చిన్నప్పుడు నేనూ ఇంతే. మా అమ్మ ఓర్చుకుంది. నా కొడుకూ ఇంతే. నేను ఓర్చుకోలేదు, బెల్టు తీశాను."

"మరి ఏమయ్యాడు?"

ఆయన పాప వైపు వంగాడు. పాప తలమీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఎంతకీ తియ్యడే!

శౌరమ్మ ఆ చెయ్యి వంకే చూసింది. ఊరూ పేరూ తెలియని మగాడు. రోజూ టీవీలో ఎన్ని వినడం లేదు!

"ముందు చెయ్యి తియ్యి! ఇంకోసారి ఇటు కనబడ్డావో, పోలీసులకు పట్టిస్తా!"

జనం పోగయ్యారు. ఎవరో చొక్కా పట్టుకుని గేటు దాకా నెట్టారు.

తర్వాత రెండు ఆదివారాలూ ఆయన రాలేదు. డయానా మళ్ళీ కొరకడం మొదలెట్టింది.

మూడో ఆదివారం, ఎప్పటిలాగే నర్సు డ్యూటీకి బయల్దేరుతున్న శాలిని ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, మా మామయ్య పోయాడంట. బందర్లో."

"సురేష్ తండ్రా? పెళ్ళికైనా రాలేదు, నేను మొహమే ఎరగనే."

"మనవరాల్ని ఒక్కసారి చూస్తానని ఎన్నిసార్లు ఫోన్ చేశాడో. ఆ ఇంటి మనిషంటేనే భయమేసి మొదటిసారి తప్ప మళ్ళీ నేను ఎత్తలేదమ్మా."

శౌరమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

తెర మీద దండ వేసిన ఫోటోలో ఉన్నది, తను పోలీసులకు పట్టిస్తానన్న ముసలాయనే.