వందన సమర్పణకు ముందే

"గంగాధర్ సార్ యాడ రాజన్నా? అంతా ఒక చుట్టు చుట్టొచ్చినా, కనపడలే."

యూనివర్సిటీ గెస్ట్‌హౌస్ లాన్‌లో డెలిగేట్ల విందు జోరుమీదుంది. మెడలో బ్యాడ్జీలు, చేతిలో ప్లేట్లు, నోట్లో కబాబులు. పగలంతా ఒకరి పేపర్‌ను ఒకరు చీల్చి చెండాడుకున్న మేధావులే ఇప్పుడు డబల్ కా మీఠా దగ్గర ఒకరికొకరు కొసరి కొసరి వడ్డించుకుంటున్నారు. కాశీలో పాఠాలు చెప్పుకునే కాత్యాయనికి ఆ సంబరమేదీ పట్టలేదు. రైలు ఆలస్యమై పొద్దుటి ప్రారంభ సభ ఎలాగూ తప్పిపోయింది. కనీసం విందులోనైనా సార్ దొరకాలి.

డిపార్ట్‌మెంట్ అటెండర్ రాజన్న కబాబుల పొయ్యి పక్కనే నిలబడి ఉన్నాడు. పొగకు కళ్ళు ఎర్రబడ్డాయి.

"సార్ పోయిండు గదమ్మా."

"పోయినాడా! నేనొస్తానని తెలిసి కూడానా?"

"ఎందుకు తెల్వదు? కాత్యాయని వస్తది, విందుల నా పక్క కుర్చీ గామెకే ఎయ్యాలె అని నాతోని చెప్పిండు."

"చెప్పిన మనిషి ఉండొద్దా మరి?"

"ఉండాలనే ఉండె సారుకు. ఏం జేస్తం?"

"నాకొక మాట చెప్పి పోతే ఆయన సొమ్మేం పోతుంది?"

"ఎవ్వరికి చెప్పిండమ్మా? ఎవ్వరికి చెప్పకుంటనే పోయిండు."

ఎప్పుడూ అంతే ఆయన. ఎంత పెద్ద సదస్సైనా సరే, వందన సమర్పణకు ముందే జారుకునేవాడు. "పొగడ్తలు వింటే అన్నం అరగదే" అనేవాడు. పరిశోధన చేసే రోజుల్లో ఆయన వెనకాలే కాత్యాయని కూడా జారుకునేది. గురుశిష్యులిద్దరూ తార్నాకలోని ఇంటికి చేరితే ఆయన భార్య సరోజమ్మ వేడివేడిగా బొరుగుల ఉగ్గాణి చేసి పెట్టేది. హాస్టల్ మెస్ మూసిన ప్రతి సెలవుకీ ఆ ఇంట్లోనే భోజనం. కడపలోని సొంత నాయన దగ్గర కూడా లేని చనువు ఆమెకు ఆయన దగ్గర ఉండేది.

అలాంటి మనిషి, ఆమె ఊరూరా తిరిగి ముసలమ్మల కాళ్ళ దగ్గర కూర్చుని పోగుచేసిన కథలను ఒక సదస్సులో తన పేరు మీద చదివేశాడు. ఆ సాయంత్రం విందులో, చేతిలో ప్లేటు పట్టుకునే, అందరి ముందరా "దొంగ" అనేసింది. అంతే, మళ్ళీ మాటల్లేవు. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులోంచి బయటికొచ్చేసింది. ఎవరైనా హైదరాబాద్ పేరెత్తితే అక్కడి నుంచి లేచి వెళ్ళేది.

రెండు నెలల కిందట ఆయనే ఫోన్ చేశాడు. "తప్పు నాదేనే. విందుకు రా. నువ్వు నలుగురిలో అన్న మాట నేనూ నలుగురిలోనే ఒప్పుకుంటా." ఆమె మారు మాట్లాడకుండా ఫోన్ పెట్టేసింది. పెట్టేసి ఏడ్చింది. ఏడ్చి, సదస్సుకు పేరిచ్చి టికెట్ కొనుక్కుంది.

తీరా వస్తే ఇదా మర్యాద!

"పోతే పోనీలే రాజన్నా. నలుగురిలో నోరు పెగలక పోయింటాడు. మంచి పనే చేసినాడు. నాకూ పీడ విరగడైంది."

రాజన్న ఆమె ముఖంలోకి చూశాడు.

"గట్లనకు తల్లీ. ఎంతైనా పెద్దమనిషి."

"ఏం పెద్దమనిషి! ఇచ్చిన మాట మింగి పోయినోడు."

అతను భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని అవతలికి వెళ్ళిపోయాడు. అబ్బో, గురుభక్తి నాకన్నా ఇతనికే ఎక్కువలా ఉంది అనుకుంది కాత్యాయని.

ఇంతలో వాసంతి వచ్చి చెయ్యి పట్టుకుంది. ఒకప్పటి రూమ్మేట్, ఇప్పుడు ఈ సదస్సు నడిపిస్తున్నది ఆమే.

"పొద్దుగాల నువ్వుంటే మంచిగుంటుండె కాత్యా. సార్ గురించి అందరం మాట్లాడినం."

"పొగుడుకోండి, ఎవరొద్దన్నారు? నా దగ్గర మాత్రం ఆయన మాటెత్తొద్దు. అన్నం తిననీ."

"ఇంకా కోపమేనా? ఇప్పుడు గూడనా?"

"ఇప్పుడే ఎక్కువైంది."

వాసంతి చెయ్యి వదిలేసింది.

అన్నం తిననీ అన్నదే గానీ ప్లేట్లో మెతుకులు కెలుకుతూ కూర్చుంది. వేదిక మీద ఎవరో వందన సమర్పణ మొదలుపెట్టారు. కాత్యాయని పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. దాన్ని చూస్తూ ఉంటే కోపం మెల్లగా నీరుగారింది. సిగ్గుపడి పోయుంటాడు పాపం. డెబ్భై దాటిన మనిషి నలుగురిలో తల దించుకుంటే చూడ్డానికా తను ఇంత దూరం వచ్చింది? కాదు. ఆయన నోట "ఏమే" అనే పిలుపు మళ్ళీ వినాలని వచ్చింది. ప్లేటు పక్కన పెట్టి లేచింది. క్యాంపస్ గేటు బయట ఆటో ఎక్కింది.

తార్నాక సందులో ఆ ఇంటి గేటుకు లోపల గడియ వేసి ఉంది. హాల్లో లైటు వెలుగుతోంది. ఇన్నేళ్ళూ బిగబట్టుకున్న మాటలు ఆ గడియ తీసేదాకా కూడా ఆగలేదు.

"సార్! నేను, కాత్యాయనిని. లోపల దాక్కుంటే వదిలిపెడతాననుకున్నారా? మీరేం ఒప్పుకోనక్కర్లేదు. ఆ కథలు నావైతే ఏమి, మీవైతే ఏమి! మిమ్మల్ని అంత మాటన్నాక ఈ నోటికి రుచన్నది తెలిసిందే లేదు. బయటికి రండి సార్. నాకు ఆకలేస్తోంది."

తలుపు తెరుచుకుంది. సరోజమ్మ గడపలో నిలబడింది. వెనక లైటు ఉండటంతో ముఖం కనపడలేదు.

"అమ్మా, సార్‌ను పిలువమ్మా. విందులో ఏమీ తినకుండానే వచ్చేసింటాడు. ఇద్దరికీ పెట్టు."

సరోజమ్మ గేటు దాకా నడిచొచ్చింది. గడియ తీయడం మరిచిపోయి, ఊచల సందుల్లోంచే కాత్యాయని రెండు చేతులూ పట్టుకుంది.

"నిన్ననే మాసికం పెట్టినాం తల్లీ."