బయటి సాక్షి

అనంతపురం లోక్ అదాలత్ వరండాలో బెంచీ మీద కూర్చుని, తిమ్మక్క తమ ఊరి డాక్టరును నోరారా తిడుతోంది. ఆయన పేరేమిటో మాత్రం ఆమెకు తెలియదు.

అది ఆమె తప్పు కాదు. కంబదూరు అవతల ఉన్న బొమ్మగుట్టపల్లిలో ఆ మహానుభావుడి ముఖం చూసినవాళ్లే లేరు. ఉద్యోగంలో చేరి మూడేళ్లయిందట. ఆస్పత్రి వరండాలో జనం మేకలు కట్టేసుకుంటున్నారు. డాక్టరు కుర్చీలో పిల్లి ఈనింది. మూడేళ్లలో ఆ ఆస్పత్రిలో జరిగిన కాన్పు అదొక్కటే.

కోడలు గంగాదేవికి ఆ పిల్లికున్న భాగ్యం కూడా లేకపోయింది. నిరుడు నొప్పులొస్తే ఆటోలో కళ్యాణదుర్గం తీసుకుపోతుంటే దారిలోనే బిడ్డ పోయాడు. ఇప్పుడు మళ్లీ ఎనిమిదో నెల. కాన్పులోగా ఊరికి డాక్టరు రావాలి. తిమ్మక్కకు ఇంకేమీ అక్కర్లేదు. లాయరు మౌనిక ఫీజు లేకుండా ఊరి తరఫున కేసు వేస్తానంటే అందరికంటే ముందు వేలిముద్ర వేసింది అందుకే.

పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. చూస్తే మర్యాదస్తుడిలా ఉన్నాడు.

"యాడనుంచి అప్పా?"

"బెంగళూరమ్మా."

"అంత దూరం నుంచి ఈడికెందుకొచ్చినావు?"

"ఏదో ఒక సంతకం పెట్టి పోవాలంట. దానికోసం పొద్దున్నే కారేసుకుని రావాల్సొచ్చింది."

పాపం అనుకుంది తిమ్మక్క. కొంగులో ఉన్న ఉడకబెట్టిన చెనిక్కాయలు గుప్పెడు తీసి అతని చేతిలో పోసింది. తర్వాత తన గోడంతా వెళ్లబోసుకుంది.

"జీతం మాత్రం నెల తప్పకుండా తింటాడంటప్పా మా డాక్టరు. మడిసేనా వాడు? నా మనవడు కండ్లు కూడా తెరవకుండానే పోయినాడు. ఆటోలో, నా ఒళ్లోనే పోయినాడు."

ఆ మనిషి నిట్టూర్చాడు. "అలాంటి వాళ్లను ఉద్యోగంలోంచి పీకేయాలమ్మా. వీళ్ల వల్లే దేశం ఇలా తగలడింది."

"బాగా చెప్పినావు! నీ మాదిరి చదువుకున్నోళ్లు చెప్తేనే లోపలున్నోళ్లకు ఎక్కుతాది. మాది బొమ్మగుట్టపల్లిలే. నువ్వు యాడ చూసింటావు ఆ ఊరిని!"

అంతలో అతనికి ఫోన్ వచ్చింది కాబోలు, చెవికి ఆనించుకుని గబగబా అవతలికి వెళ్లాడు. ఆ వెంటనే లోపల కేసు పిలిచారు.

ఆరోగ్యశాఖ తరఫు లాయరు హరినాథ్ నల్లకోటు సర్దుకుని లేచాడు.

"డాక్టరుగారు ఒక్కరోజు కూడా మానలేదండీ. ఈ తిమ్మక్కకు నెలనెలా బీపీ చూస్తున్నది ఆయనే. వీళ్లేమో మంత్రాలకూ నాటుమందులకూ పోయి, ప్రాణం మీదికి వచ్చాక డాక్టరును ఆడిపోసుకుంటారు."

తిమ్మక్కకు ఒళ్లు మండిపోయింది. "నాకు బీపీ ఉండేదే నాకు తెలీదు సామీ! ఉంటే, ఈయప్ప మాటలినే ఇప్పుడు వచ్చింటాది!"

హాలంతా నవ్వింది. జడ్జిగారు నవ్వలేదు. "ఊరివాళ్లంతా ఒక మాట మీద ఉన్నారు. ఆస్పత్రివాళ్లంతా ఇంకో మాట మీద ఉన్నారు. నేనెవరిని నమ్మాలి? ఊరితో సంబంధం లేని బయటి సాక్షి ఒక్కరైనా ఉన్నారా అమ్మా?" అని మౌనికను అడిగారు.

మౌనిక లేరన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఎవరుంటారు? ఓట్లప్పుడు తప్ప బయటివాళ్లెవరూ ఆ ఊరి మొహం చూడరు. ఆ వచ్చినవాళ్లకు చేతులెత్తి మొక్కడం తప్ప మరో పని ఉండదు.

"అయితే ఈ కేసు మూసేయాల్సి వస్తుంది" అన్నారు జడ్జిగారు.

నెల తిరిగేసరికి గంగాదేవి మళ్లీ ఆటో ఎక్కాలి. మళ్లీ అదే గతుకుల దారి. ఈసారి బిడ్డతో పాటు తల్లి కూడా పోతే? తిమ్మక్క ఏడుపు ఆపుకుంటూ దిక్కులు చూసింది. చివరి వరసలో, స్తంభం పక్కన, ఇందాకటి మనిషి కనిపించాడు. ప్రాణం లేచొచ్చింది.

"ఉండాడు సామీ, బయటి సాక్షి!" వేలు చూపించి అరిచింది. "అదో, ఆ ఎనక కూచున్నాయప్ప! బెంగళూరాయప్ప, చదువుకున్నోడు. మా డాక్టరును ఉద్యోగంలోంచి పీకేయాలని ఇందాక వరండాలో తనే అన్నాడు. కావాలంటే అడుగు సామీ!"

హరినాథ్ వెనక్కి తిరిగి చూశాడు. చేతిలోని ఫైలు మూసేశాడు.

"ఆయన నీకు ముందే తెలుసా?" జడ్జిగారు అడిగారు.

"దేవుని తోడు సామీ, ఈ పొద్దుకు ముందు ఆయప్ప మొకం నేనెప్పుడూ చూల్లేదు. మా ఊర్లో ఎవురూ చూసిండరు."

జడ్జిగారు రెండోసారి గట్టిగా అడిగితే గానీ ఆ మనిషి లేవలేదు. లేచి, తల దించుకుని, తాను బొమ్మగుట్టపల్లి ఆస్పత్రి డాక్టరునని చెప్పాడు.