ఎదురు నడక

"మీరు కనబడి నెలైంది అంకుల్, ఇవాళ ఆంటీ రాలేదేంటి?" అడిగింది చరిత. నగర శివారు స్కార్‌బరో నుంచి రెండు బస్సులు మారి వచ్చి, కోట ముందు కాఫీ అమ్మే స్టూడెంట్ ఆమె.

"పోయింది. గుండె," అన్నాడు వీరభద్రరావు.

స్కాట్లాండ్ దొర కట్టించిన ఆ కోట చుట్టూ అడవిదారిలో రోజూ ఆయన ఎడమకు, భార్య శాంత కుడికి బయల్దేరేవారు. ఆమె ఎప్పుడూ గేటు దగ్గర్లోనే ఎదురుపడేది. "నేను చుట్టంతా తిరిగొస్తే, నీకు నాలుగడుగులు పడవా?" అని దెప్పేవాడు.

చరిత కళ్ళు తుడుచుకుంది. "ఆంటీకి ఆయాసం అంకుల్. గేటు పక్కనున్న ఆ బెంచీ మీదే కూర్చుని, మీరు కనబడగానే లేచి ఎదురొచ్చేవారు."

"నాకు చెప్పలేదే?"

"చెప్తే సాకులంటారన్నారు."

వీరభద్రరావు వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. రోజూ తాను వచ్చే మలుపు అక్కణ్ణించి బాగా కనిపించింది.

ఇప్పుడు తాను లేవాలంటే, ఆ మలుపులో ఎవరు కనబడాలి?