చౌడు రుచి

ఇందుకూరుపేట దగ్గర హజరత్తయ్య రెండెకరాల వరి కయ్య పక్కన జీపు ఆగింది. దిగి కయ్యలోకి వచ్చిన ఆఫీసరు దేశభక్తితో మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో దేశభక్తి కూడా జీపులోనే వచ్చేది.

"పెట్రోలు కోసం పరాయి దేశాలను దేబిరిస్తున్నాం. మీరు చెరుకు వేస్తే ఆల్కహాలు తీసి పెట్రోలులో కలుపుతాం. పదేళ్లకు ఎంత వస్తుందో అంచనా కూడా వేశాం."

"మేం సారా తాగితే జైల్లో ఏస్తారు. మీ మోటార్లు తాగితే తప్పు లేదా సార్?" అన్నాడు హజరత్తయ్య.

ఆఫీసరు నవ్వాడు. ఆ నవ్వు చూసి హజరత్తయ్యకు అనుమానం ఇంకా పెరిగింది. వరి మానేస్తే ఇంట్లో తినేదేమిటి?

"ఈడ చెరుకు రాదు సార్. ఒట్టి చౌడు. కావాలంటే చూడండి" అంటూ పంచె మడతలోంచి మన్ను తీసిచ్చాడు. జీపు వస్తుందని తెలిసి, పొద్దున్నే మైపాడు ఉప్పుటేటి ఒడ్డు నుంచి తెచ్చుకున్న మన్ను అది.

ఆఫీసరు చిటికెడు నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు.

"నిజమే. ఉప్పు కషాయం. సంతోషమయ్యా! పండే నేలలో ఆల్కహాలు ఫ్యాక్టరీ కట్టొద్దని పైవాళ్ల ఆర్డరు. దానికి పనికిరాని నేల కోసం కూడా తిరుగుతున్నాను. ఇక్కడే కట్టేస్తాం."

గట్టు మీద నుంచి వింటున్న హజరత్తయ్య భార్య ఆదిశేషమ్మ కయ్యలోకి దూకి, మట్టిపెళ్ల పెళ్లగించి పరుగెత్తుకొచ్చింది.

"ఆ మన్ను ఈడది కాదు సార్! ఇది నాకి చూడండి, చప్పంగా ఉంటాది!"

"వద్దమ్మా, ఒకసారి చాలు" అన్నాడు ఆఫీసరు, నోరు పుక్కిలిస్తూ.

కయ్య నిండా ఉన్న, వరి కోసిన మోళ్లు కాళ్లకు గుచ్చుకోకుండా, చూసి చూసి అడుగులేస్తూ జీపు దగ్గరికి నడిచాడు.